నడక మొదలుపెట్టిన వారానికే కాళ్ళు పట్టేస్తే

సంక్రాంతి వెళ్ళాక ఏటా ఇంతే. అరిసెలు తిన్నవాళ్ళంతా ఫిబ్రవరిలో నడక మొదలుపెడతారు, మార్చి వచ్చేసరికి కాళ్ళనొప్పులని నాకు ఉత్తరాలు రాస్తారు. విశాఖలో ఫిజియోథెరపిస్టుగా రోజూ వినే కథలే కాబట్టి ఈ నెల శీర్షికంతా నడకకే ఇచ్చేస్తున్నాను. మోచేతుల వాళ్ళు, మెడనొప్పుల వాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మేడమ్, నాకు 52 ఏళ్ళు. హైస్కూల్లో టీచర్ని. షుగరు వచ్చిందని డాక్టరు గారు మాత్రలు రాసి, రోజూ ముప్పావుగంట నడవమన్నారు. పక్కింటి వదిన గారితో కలిసి మొదటి రోజే కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచాను. ఏమీ అనిపించలేదు. నాలుగో రోజుకి పిక్కలు, మోకాళ్ళ కింద ముందువైపు ముంగాళ్ళు పట్టేశాయి. పొద్దున మంచం దిగి అడుగు వేస్తే ఎడమ మడమలో మేకు దిగినట్టు ఉంటోంది. ఇలా మొదలుపెట్టి మానేయడం నాకు ఇది మొదటిసారి కాదు. నడక నా ఒంటికి పడదంటారా?
– ఎస్.వి., తణుకు

జవాబు: నడక మీ ఒంటికి పడుతుంది టీచర్ గారూ. పడనిది మొదటి రోజు ఐదు కిలోమీటర్లు. "ఏమీ అనిపించలేదు" అని రాశారు చూడండి, తిప్పలన్నీ ఆ మాటలోనే ఉన్నాయి.

నడక మొదలుపెడితే ముందుగా దారికొచ్చేవి గుండె, ఊపిరి. కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గి, ఇంకో రౌండు వేద్దామా అనిపిస్తుంది. కాళ్ళు అంత తొందరగా తయారవవు. పిక్కని మడమకి కలిపే స్నాయువు, అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే పట్టీ, ముంగాలి ఎముక, ఇవి కొత్త బరువుకి గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి సరేనంటుంది, మడమ ఇంకా సిద్ధంగా ఉండదు. మీరు ఊపిరి మాట విన్నారు.

ఇంకో చిక్కు, అలవాటు లేని శ్రమకి వచ్చే కండరాల నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది. మాకు ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది, 32 కిలోమీటర్లు. ఏడాదంతా స్కూటర్ దిగనివాళ్ళు కూడా అప్పన్న మీద భారం వేసి రాత్రంతా నడిచేస్తారు. పొద్దున్నే ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు. నా దగ్గర రద్దీ మొదలయ్యేది ఆ తర్వాతే. మీరు కూడా మొదటి రోజు బాగానే ఉందని రెండో రోజూ, మూడో రోజూ అంతే నడిచారు. మూడు రోజుల అప్పు నాలుగో రోజు ఒక్కసారే తీర్చాల్సి వచ్చింది.

కిలోమీటర్లు మర్చిపోండి, గడియారం చూసుకోండి. మొదటి వారం రోజుకి పది నిమిషాలు. ఇంటి గేటు నుంచి ఐదు నిమిషాలు వెళ్ళి, ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి. వదిన గారు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇంకా నడవగలనని మీకే అనిపిస్తుంది, అయినా ఇంట్లోకి వచ్చేయండి. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి డాక్టరు గారు చెప్పిన ముప్పావుగంట అవుతుంది. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారానికి ఐదు రోజులు నడిచినా, అరగంటకి చేరిన ఐదో వారంలోనే ఆ 150 మీకు అందుతుంది. కాబట్టి కంగారేం లేదు.

వేగం ఎంతంటే, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అంతే.

ఎప్పుడు తగ్గించాలో కూడా చెప్తాను. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోండి, మార్కులు వేయడం మీకు కొత్తేం కాదు కదా. నడుస్తున్నప్పుడు మూడు దాటకుండా, మర్నాడు పొద్దునకి మామూలైపోతే ఆ నడక మీకు సరిపడిందే. మర్నాటికీ ఎక్కువగానే ఉంటే ఆ రోజు సగం నడవండి, ఆ వారం పెంచకండి. కుంటాల్సి వస్తే మాత్రం అక్కడే ఆపి ఆటో ఎక్కండి. కుంటుతూ నడిస్తే రెండో కాలు, నడుము కూడా పట్టుకుంటాయి.

ఇప్పుడు మీ మడమ సంగతి. పొద్దున మొదటి అడుగులకి నొప్పి ఎక్కువగా ఉండి, నాలుగు అడుగులు వేశాక సర్దుకుంటే, అది చాలావరకు అరికాలి పట్టీ వాపే. మంచం దిగకముందే కాళ్ళు చాపి, పాదం ముందు భాగానికి తువ్వాలు వేసి రెండు చేతులతో మీ వైపు లాక్కోండి. అరనిమిషం పట్టి వదలండి, మూడుసార్లు. పగలు గోడకి చేతులానించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేలకే ఉంచి ముందుకి వాలండి. సాయంత్రం కుర్చీలో కూర్చుని చన్నీళ్ళ సీసాని అరికాలి కింద దొర్లించండి. నొప్పి తగ్గేదాకా ఇంట్లో టైల్స్ మీద ఒట్టి కాళ్ళతో తిరగొద్దు, ఇంట్లోకి విడిగా ఒక మెత్తటి చెప్పుల జత పెట్టుకోండి. వారంలో పోయే నొప్పి కాదిది, కొన్ని నెలలు ఓపిక పట్టాలి. అలాగని అన్ని నెలలూ నడక ఆపనక్కర్లేదు, పైన చెప్పిన మార్కుల లెక్క మీద సాగించండి.

నొప్పి కాస్త నెమ్మదించాక పిక్కలకి బలం పెంచాలి. వంటగట్టు పట్టుకుని రెండు మడమలూ నెమ్మదిగా పైకి లేపండి, అంతకంటే నెమ్మదిగా దించండి. పాలు పొంగేలోపు పదిహేనుసార్లు అవుతుంది. సాగదీసే వ్యాయామాలు అందరూ చేస్తారు, ఈ బలం పెంచేది ఎవరూ చేయరు. నన్నడిగితే నడిచేవాళ్ళ కాళ్ళని ఎక్కువగా కాపాడేది ఇదే.

మీరు రాయలేదు గానీ, హవాయి చెప్పులతోనే నడిచి ఉంటారు. చీర మీద బూట్లేమిటని నవ్వుతారని మన ఆడవాళ్ళ భయం. మా బీచ్ రోడ్డు మీద పొద్దున్నే చూడండి, కంచిపట్టు మీద స్పోర్ట్స్ షూ వేసుకుని గుడికి వెళ్ళేవాళ్ళు కూడా కనిపిస్తారు. హవాయి చెప్పు జారిపోకుండా కాలివేళ్ళు దాన్ని పట్టుకుంటూనే ఉండాలి, ఆ శ్రమంతా అరికాలికీ ముంగాలికీ పడుతుంది. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నిలబడి చూస్తే పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పు జాగా ఉండాలి. బూటు వేళ్ళ దగ్గర వంగాలి గానీ మధ్యలో మడత పడకూడదు. ఖరీదుతో పని లేదు.

షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటిది ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, నడకలో షుగరు పడిపోవచ్చు. కొంగుకో పర్సులోనో నాలుగు గ్లూకోజు బిళ్ళలో కాస్త పంచదారో ఉంచుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే సాధారణంగా ఆ భయం ఉండదు. పడుకునే ముందు రెండు అరికాళ్ళూ వెలుతురులో చూసుకోవడం అలవాటు చేసుకోండి, షుగరు ఉన్నవాళ్ళకి బొబ్బ వచ్చినా తెలియకపోవచ్చు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. నడకంతా పొద్దున్నే అయిపోవాలని లేదు. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్నాక పెరిగే షుగరు తగ్గుతుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు స్కూలు వరండాలో తిరిగినా లెక్కే.

ప్రశ్న: మా అమ్మకి 66 ఏళ్ళు. ఎక్స్‌రే తీసి రెండు మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు. నడిస్తే ఉన్నది కూడా అరిగిపోతుందని నాన్న గేటు దాటనివ్వట్లేదు. ఏం చేయాలి?
– కె.ఆర్., హనుమకొండ

జవాబు: బాబూ, ఈ ఒక్క పేరా నాన్నగారికి చదివి వినిపించు. మోకాలి కీలు బండి టైరు లాంటిది కాదు, తిరిగిన కొద్దీ అరగడానికి. ఆ గుజ్జుకి సొంతంగా రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడు, బరువు పడి లేచినప్పుడు, లోపలి ద్రవం అందులోకి వెళ్ళి వస్తుంది. దానికి అందే తిండి అదే. కదలకుండా కూర్చోబెడితే కీలు బిగుసుకుంటుంది, తొడ కండరం సన్నబడుతుంది, అప్పుడు మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా నడిచేవాళ్ళున్నారు, ఎక్స్‌రే బాగున్నా నొప్పితో బాధపడేవాళ్ళున్నారు. ఫిల్ము చూసి గేటుకి తాళం వేయకూడదు.

అమ్మగారు పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలతో మొదలుపెట్టాలి. ఒకేసారి ఎక్కువ వద్దు. చదునైన నేల మంచిది. రోడ్డు అంచున నడిస్తే ఒక పక్కకి వాలు ఉంటుంది, అక్కడ ఒక మోకాలికే ఎక్కువ భారం పడుతుంది. కర్ర పట్టుకోవాలంటే నొప్పి ఎక్కువున్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

నడక కంటే ముందు, నడకతో పాటు కూడా, తొడలకి పని చెప్పాలి. గట్టి కుర్చీ గోడకి ఆనించి వేసి, చేతులు ఆన్చకుండా లేచి నిలబడి, మెల్లగా కూర్చోమనండి. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. ఎన్నిసార్లు చేయగలిగితే అన్ని, రోజు విడిచి రోజు. బరువు ఎక్కువుంటే కొంచెం తగ్గినా మోకాలికి చాలా తేడా తెలుస్తుంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది.

మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) గురించి అడగకముందే చెప్తున్నా. ధైర్యం కోసం వేసుకుంటానంటే వేసుకోనివ్వండి, కానీ అది తొడ కండరం చేసే పని చేయదు. మోకాలు వాచి, వేడిగా ఉన్న రోజుల్లో మాత్రం నడక ఆపి డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న: నాకు 61. లారీ డ్రైవరుగా చేసి మానేశాను. ఇంటి నుంచి బజారు దాకా వెళ్ళేలోపు కుడి పిక్క బిగపట్టేస్తుంది. నిలబడితే రెండు నిమిషాల్లో పోతుంది. మళ్ళీ అంతే దూరం నడిస్తే మళ్ళీ అంతే. నూనె మర్దన చేయిస్తున్నా. సిగరెట్లు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. రోజూ నడిస్తే పోతుందా?
– నల్గొండ పాఠకుడు

జవాబు: అన్నా, ఈ నెల వచ్చిన వాటిలో నన్ను కంగారు పెట్టిన ఉత్తరం మీదే. మీది అలవాటు లేక వచ్చే నొప్పిలా లేదు. ఇంచుమించు అంతే దూరానికి, అదే పిక్కలో మొదలై, నిలబడగానే పోతుందంటే కాలికి వెళ్ళే రక్తనాళం సన్నబడిందేమో చూడాలి. నడిచేటప్పుడు కండరానికి రక్తం ఎక్కువ కావాలి, దారి ఇరుకైతే అది అందదు. అందుకే ఆ నొప్పి. పొగ తాగేవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో ఇది ఎక్కువ. కాలి నాళం పూడుతుంటే గుండె నాళాలు కూడా చూపించుకోవాల్సిందే.

ఈ వారమే ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. పాదం మీద నాడి చూస్తారు. చేతికీ చీలమండకీ బీపీ చూసి పోలుస్తారు. ఇది నొప్పి లేని పరీక్ష, కాసేపట్లో అయిపోతుంది. మర్దన ఆపేయండి, దానితో నాళం తెరుచుకోదు. సిగరెట్ కూడా ఆపాలి, అందులో బేరం లేదు.

నడుములో నరాల దారి ఇరుకైనా నడిస్తే కాళ్ళు లాగుతాయి. కానీ అది ఊరికే నిలబడితే తగ్గదు, కూర్చుంటేనో ముందుకి వంగితేనో తగ్గుతుంది. వాళ్ళు సైకిలు తొక్కగలరు, నాలుగడుగులు నడవలేరు. ఏది ఎలా తగ్గుతుందో డాక్టరుకి మీరే వివరంగా చెప్పండి.

మీకు వింతగా అనిపించొచ్చు గానీ, రక్తనాళం సమస్యేనని తేలినా నడక మందుల పక్కన రాసే వైద్యమే. పిక్క బాగా పట్టేదాకా నడవడం, ఆగడం, తగ్గాక మళ్ళీ నడవడం. మూడు నెలల్లో చాలామందికి నడవగలిగే దూరం పెరుగుతుంది. అయితే అది పరీక్షలయ్యాక, డాక్టరు సరేనన్నాక. ఈలోగా రాత్రి పడుకున్నా పాదం నొప్పి పెడుతున్నా, వేళ్ళ రంగు మారినా, పుండు మానకపోయినా, కాలు చల్లబడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. మీకు కాకపోయినా, చదివేవాళ్ళలో ఎవరికైనా ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పెడితే, ముఖ్యంగా సుదూర ప్రయాణం తర్వాతో ఆపరేషన్ తర్వాతో అయితే, సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసకొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: అక్కా, నాకు 29. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫోన్‌లో పదివేల అడుగులు పడకపోతే ఒకటే టెన్షన్. రాత్రి పదకొండింటికి హాల్లో తిరిగి మరీ పూర్తి చేస్తున్నా. ఇప్పుడు ముంగాళ్ళు నొప్పి.
– ఎం., కూకట్‌పల్లి

జవాబు: ఆ పదివేలు ఏ డాక్టరూ పెట్టింది కాదమ్మా. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. 1965లో అక్కడి కంపెనీ ఒకటి నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మడానికి పెట్టుకున్న అంకె అది. గుండ్రంగా ఉంది, నిలిచిపోయింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక తేడా పెద్దగా పెరగలేదు. నీ వయసుకి ఆ అంకెలు అలాగే వర్తిస్తాయని చెప్పను, కానీ రాత్రి పదకొండుకి హాలు కొలవాల్సిన పని లేదని మాత్రం చెప్తాను.

ఒక వారం ఏమీ మార్చకుండా ఫోను ఎంత చూపిస్తుందో రాసుకో. మూడువేలు ఉంటే వచ్చే వారం మూడున్నర వేలు, ఆపై వారం నాలుగువేలు. నీ ముంగాళ్ళు అడుగుతున్నది ఆ వ్యవధే. ఎముక మీద వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని ఒక్క చోట చూపించగలిగేలా నొప్పి ఉన్నా, నడవనప్పుడు కూడా సలుపుతున్నా, ఎముకలో సన్నటి పగులేమో చూపించుకో. అప్పటిదాకా నడక ఆపు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి పెళ్ళి కుదిరితే కాలినడకన కొండెక్కుతానని మొక్కుకున్నాను. కుదిరింది. మూడు నెలల్లో తిరుమల వెళ్ళాలి. నాకు 47. రోజూ అరగంట నడుస్తాను, మెట్లంటేనే భయం.
– పి.ఎల్., కరీంనగర్

జవాబు: శుభం. అరగంట నడక అలవాటుంది కాబట్టి మూడు నెలలు చాలు. అలిపిరి దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకే, 2,388 మెట్లు. దగ్గరని అందరూ రెండోది ఎంచుకుంటారు, కానీ అది నిట్టనిలువు, మధ్యలో కాళ్ళకి ఊరట తక్కువ. మీలాంటివాళ్ళకి నేను అలిపిరే చెప్తాను. గాలిగోపురం దాకా ఎక్కుడు కష్టం, ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదునుగా నడుస్తారు, చివర్లో మోకాళ్ళ మెట్టు.

వారంలో రెండు రోజులు నడకకి బదులు మెట్లు పెట్టుకోండి. అపార్ట్‌మెంటు మెట్లయినా, ఊళ్ళో గుట్ట మీది గుడి మెట్లయినా సరే. మొదట ఐదు నిమిషాలు, వారం వారం కాస్త పెంచండి. ఎక్కడానికి దమ్ము కావాలి. నొప్పులు ఎక్కువగా తెచ్చేది దిగడం, ఎందుకంటే తొడ కండరం సాగుతూ బరువు ఆపాలి. అందుకే లిఫ్టు ఉంటే దిగేటప్పుడు లిఫ్టులోనే రండి. పై ఉత్తరంలో అమ్మగారికి చెప్పిన కుర్చీ వ్యాయామం, టీచర్ గారికి చెప్పిన మడమలెత్తడం, రెండూ మీకూ పనికొస్తాయి. చెప్పులు లేకుండా ఎక్కుతారు కాబట్టి చివరి నెల ఇంట్లోనూ, శుభ్రంగా ఉన్న మట్టి నేల మీదా ఒట్టి కాళ్ళతో కొంచెం కొంచెం నడవండి. షుగరు ఉంటే మాత్రం ఆ ప్రయత్నం డాక్టరుని అడగకుండా వద్దు. యాత్రకి ముందు నాలుగు రోజులు మెట్ల సాధన ఆపేయండి.

ఆ రోజు మొదటి వెయ్యి మెట్లు, పక్కన పిల్లలు పరుగులు పెడుతున్నా, మీరు మాట్లాడుతూ ఎక్కగలిగే వేగం దాటొద్దు. సామాను అలిపిరిలో ఇచ్చేస్తే దేవస్థానం వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు, భుజాన వేసుకోకండి. నడకదారి వేళల నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు కనుక్కోండి. మొక్కు ఎక్కడానికే కదా, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బస్సులో దిగండి.